నెల బిల్లు లేని టీవీ తెలుగింటికి వచ్చిందా?

కేబుల్ కనెక్షన్ తీయించేసి, మేడ మీద ఉచిత డిష్ ఒకటి బిగించి, టీవీ వెనక స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి గుచ్చితే ఇక నెలనెలా బిల్లు కట్టనక్కర్లేదన్న మాట కొన్నేళ్లుగా బాగా వినిపిస్తోంది. లెక్కలు చూస్తే ఈ మాటకు బలం ఉన్నట్టే కనిపిస్తుంది. దేశంలో డబ్బు కట్టి టీవీ చూసే ఇళ్లు 2018లో 15.1 కోట్లు ఉండగా 2024కు 11.1 కోట్లకు పడిపోయాయని కేబుల్ సంస్థల సమాఖ్య, ఈవై సంస్థతో కలిసి వేసిన అంచనా. ఒక దశలో 7 కోట్ల దాకా ఎదిగిన ప్రైవేటు డీటీహెచ్ చందాదారులు 2025 మార్చికి 5.7 కోట్లకు దిగారని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెబుతోంది. ఇదే కాలంలో ప్రసార భారతి నడిపే డీడీ ఫ్రీ డిష్ 4 కోట్ల ఇళ్లు దాటింది. అయితే ఇవన్నీ దేశం మొత్తానికి వేసిన లెక్కలు. పాట్నాలో చందా మానేసిన ఇల్లూ విజయవాడలో చందా మానేసిన ఇల్లూ ఒకే దారిన పోలేదు. హిందీ ఇంటికి కేబుల్ పోయిన చోట ఉచిత డిష్ వచ్చి కూర్చుంది. తెలుగింట్లో ఆ చోటు ఫైబర్ ఇంటర్నెట్‌కు దక్కింది, దానికీ నెల బిల్లు ఉంది. చాలా వీధుల్లో ఆ బిల్లు వసూలుకు వచ్చేది పాత కేబుల్ మనిషే. ఈ తేడాను పక్కన పెట్టి చర్చించడం వల్లే విషయం ఇంత చిక్కుపడింది.

ముందు వచ్చింది డిష్షే

ఉపగ్రహం నుంచి నేరుగా ఊరికి, పైసా తీసుకోకుండా టీవీ అన్న ఆలోచన మన దగ్గర కేబుల్ కన్నా పాతది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఇస్రో, నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని వాడుకుని ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు విద్యా ప్రసారాలు అందించింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇనుప జాలీతో చేసిన పదడుగుల డిష్, ఊరందరికీ కలిపి ఒక టీవీ. ప్రయోగం గడువు తీరగానే ఉపగ్రహం వెళ్లిపోయింది, ఆలోచన కాగితాల్లో మిగిలింది. 1991లో గల్ఫ్ యుద్ధం, స్టార్ టీవీ రాక ఆ ఖాళీలోకి కేబుల్‌ను తెచ్చాయి. పెద్ద డిష్ ఒకటి కొని, వీధి పొడుగునా మేడ మీద నుంచి మేడ మీదకు తీగ లాగినవాడే ఆపరేటర్. అనుమతులు, చట్టాలు తర్వాతి మాట. 1995లో జెమినీ, ఈటీవీ మొదలయ్యాయి. కేబుల్ నెట్‌వర్కుల చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని క్రికెట్ ప్రసారాల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందీ ఆ ఏడాదే. ఆ తీర్పు నీడ ఈ వ్యాసంలో మళ్లీ ఒకచోట పడుతుంది.

డీటీహెచ్ 2003లో ప్రైవేటుగా, 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో ఉచితంగా వచ్చింది. ఇప్పటి ఫ్రీ డిష్‌కు అదే తొలిరూపం. అప్పట్లో అందులో ఉన్నవి 33 చానళ్లే, ఇప్పుడు 160 దాటాయి. 2012 నుంచి 2017 దాకా విడతలవారీగా సాగిన డిజిటలీకరణ ఇంటింటికీ సెట్‌టాప్ బాక్స్ తెచ్చింది. హైదరాబాద్, విశాఖ రెండో విడతలో 2013లోనే మారాయి. అసలు మలుపు మాత్రం 2019 ఫిబ్రవరిలో అమలైన ట్రాయ్ కొత్త ధరల విధానం. చూసే చానల్‌కే డబ్బు కట్టండి అన్నది దాని ఉద్దేశం. అప్పట్లో వంద చానళ్ల మూల రుసుము 130 రూపాయలు, పన్నుతో 153.40, ఆపై పే చానళ్ల ధర వేరే. చానళ్లను విడివిడిగా కొంటే ఖరీదు ఎక్కువ, గంపగుత్తగా కొంటే తక్కువ అయ్యేలా ప్రసార సంస్థలు ధరలు పేర్చాయి. దాంతో చాలామంది బిల్లు పెరుగుతుందని రేటింగ్ సంస్థ క్రిసిల్ అప్పుడే హెచ్చరించింది. వినియోగదారుడికి మేలు చేయాలని రాసిన నిబంధన అతణ్ని ఇతర దారులు వెతుక్కునేలా చేసింది. జియో రాకతో 2016 నుంచి డేటా ధర పడిపోయి ఉండటంతో అలాంటి దారి ఒకటి ఎదురుగానే కనిపించింది.

ఉచిత డిష్ పక్షం

ఈ పక్షం వాదన సూటిగా ఉంటుంది. డిష్, బాక్స్ కలిపి రెండు వేల రూపాయల లోపు ఒక్కసారి ఖర్చు, ఆపై జీవితాంతం రుసుము లేదు. 93.5 డిగ్రీల తూర్పున నిలిచిన జీశాట్-15 వైపు, అంటే హైదరాబాద్ నుంచైతే ఆగ్నేయంగా బాగా పైకి, రెండడుగుల డిష్ తిప్పి బిగిస్తే చాలు. జోరు వానలో కాసేపు బొమ్మ ఆగుతుంది. ఆ ఇబ్బంది డబ్బు కట్టే డీటీహెచ్‌కూ తప్పదు. ఇంటర్నెట్ లేని ఊళ్లో, తీగ చేరని తండాలో, అద్దె ఇళ్లు మారుతూ బతికే కూలీ కుటుంబానికి ఇంతకు మించిన ఏర్పాటు మరొకటి లేదు. అమెరికాలో, బ్రిటన్‌లో కేబుల్ మానేసినవారికి ఇంటి మీద యాంటెనా పెట్టుకునే దారి ఉంది. మన దగ్గర దూరదర్శన్ తన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి దాదాపు అన్నీ మూసేసింది. ఆ యాంటెనా స్థానంలో ఉచిత టీవీగా మిగిలింది ఫ్రీ డిష్షే కాబట్టి దాన్ని ప్రజాసేవగా చూడాలన్న మాటను కొట్టిపారేయలేం.

అయితే ఈ ఉచితం ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది చూడాలి. ప్రైవేటు చానళ్లు ఫ్రీ డిష్‌లో చోటు కోసం వేలంలో పాడుకుంటాయి. ఒక్కో స్లాట్ ఏడాదికి కోట్లు పలుకుతుంది. ఆ డబ్బును చానల్ ప్రకటనల మీద రాబట్టుకోవాలి. అంటే చేరే ప్రేక్షకుల నుంచి వచ్చే ప్రకటన ఆదాయం, స్లాట్ ధరనూ పోగొట్టుకునే చందానూ మించితేనే ఎవరైనా అక్కడికి వస్తారు. హిందీ రాష్ట్రాల్లో ఈ లెక్క కుదిరింది. అక్కడ కేబుల్ అందని ఇళ్లు కోట్లలో ఉన్నాయి, పాత ధారావాహికలను తిరిగి వేసే రెండో శ్రేణి చానళ్లతోనే ఆ ప్రేక్షకులను పట్టుకోవచ్చు. అయినా స్టార్ ఉత్సవ్, జీ అన్మోల్, సోనీ పల్, కలర్స్ రిష్తే 2019లో ఒకసారి, తిరిగి వచ్చి 2022లో మరోసారి ఫ్రీ డిష్‌ను వదిలి వెళ్లాయి. చందా వ్యాపారం దెబ్బతింటోందనుకున్నప్పుడు వెళ్లడం, ప్రకటనలు తగ్గాయనుకున్నప్పుడు రావడం. ప్రేక్షకుడి చేతిలో ఉన్న రిమోట్‌కు ఈ రాకపోకల మీద ఏ అధికారమూ లేదు.

తెలుగులో ఆ లెక్క అసలు మొదలే కాలేదు. ఇక్కడ కేబుల్ ముందునుంచీ ఊరూరా పాకింది. చందా రాబడి గట్టిగా ఉంది. స్టార్ మా, జీ తెలుగు, జెమినీ, ఈటీవీ నాలుగూ చందా చానళ్లే. వీటిలో ఏదైనా ఫ్రీ డిష్‌లో కాలు పెడితే ఉన్న రాబడిని తానే కోసుకున్నట్టు. అందుకే ఫ్రీ డిష్ పెట్టుకున్న తెలుగింటికి నికరంగా దొరికేవి డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి, వాటి వెనక పేజీలకు పేజీలుగా హిందీ, భోజ్‌పురి చానళ్లు. హైదరాబాద్ పాతబస్తీలో, పారిశ్రామిక వాడల్లో ఉత్తరాది కార్మికుల గదుల్లో ఆ డిష్షులు ఎందుకు ఎక్కువో, పక్క వీధిలో తెలుగువారి మేడల మీద ఎందుకు తక్కువో దీన్నిబట్టే అర్థమవుతుంది. హిందీ పాటలు, సినిమాలు చాలుననుకునే ఇళ్లు మనలోనూ ఉన్నాయి, నిజమే. కానీ సాయంత్రం ఆరు నుంచి పది దాకా సీరియల్ నడిచే ఇంట్లో ఆ మాట చెల్లదు. ఫ్రీ డిష్‌ను పొగిడే వ్యాసాల్లో అరుదుగా కనిపించే సంగతి ఇది: దేశమంతటికీ ఒకే డిష్, ఒకే ధర, కానీ దానిలో దొరికే వినోదం ఏ భాష ఇంటికి ఎంతన్నది వేలంపాటే నిర్ణయిస్తోంది.

స్ట్రీమింగ్ పక్షం

ఈ పక్షానికి తెలుగులో బలమైన ఆధారం వార్తలు. ప్రధాన తెలుగు వార్తా చానళ్లు యూట్యూబ్‌లో ఇరవై నాలుగు గంటలూ లైవ్ ఇస్తున్నాయి. వార్తల కోసం మాత్రమే కేబుల్ ఉంచుకున్న ఇంటికి ఇక కారణం మిగల్లేదు. సినిమాలకు నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో 2016లోనే వచ్చాయి, 2020లో పూర్తిగా తెలుగు కోసమే ఆహా మొదలైంది. కొన్ని స్మార్ట్ టీవీ కంపెనీలు సొంతంగా ఉచిత ప్రకటనల చానళ్లను కూడా టీవీలోనే పెట్టి ఇస్తున్నాయి. పాత టీవీకి స్టిక్ ఒకటి గుచ్చితే అదీ స్మార్ట్ అవుతుంది. చూడాలనుకున్నది చూడాలనుకున్నప్పుడు చూడటం ఒక తరానికి అలవాటుగా మారిపోయింది, దాన్ని వెనక్కి తిప్పడం ఎవరివల్లా కాదు.

చిక్కు సీరియల్ దగ్గరే వస్తుంది. కేబుల్‌లో వరస నంబర్లలో ఉండే నాలుగు ప్రధాన వినోద చానళ్లు స్ట్రీమింగ్‌లో నాలుగు ఇళ్లలో కాపురముంటాయి. స్టార్ మా సీరియళ్లకు జియోహాట్‌స్టార్, జీ తెలుగుకు జీ5, జెమినీకి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్. నాలుగింటికీ చందా కడితే కేబుల్ బిల్లుతో పోల్చి లాభం ఎంత మిగిలిందో వెతుక్కోవాలి. సినిమాల పరిస్థితీ అంతే. ఒక సినిమా శాటిలైట్ హక్కులు ఒకరికి, డిజిటల్ హక్కులు మరొకరికి అమ్ముడవుతాయి కాబట్టి ఏ యాప్‌లో ఏ సినిమా ఉందో గుర్తుపెట్టుకోవడం ఇంట్లో ఒకరి ఉద్యోగమవుతుంది.

ఇక డేటా. హెచ్‌డీలో గంట చూస్తే సుమారు 3 జీబీ ఖర్చవుతుంది. రోజుకు నాలుగు గంటలు టీవీ నడిచే ఇంటికి నెలకు 360 జీబీ కావాలి. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్ నలభై నిమిషాలకే అయిపోతుంది. కాబట్టి కేబుల్‌కు బదులు స్ట్రీమింగ్ అంటే ఫైబర్ పెట్టించుకోవడమే. పెద్ద కంపెనీల్లో తక్కువ ధర ఫైబర్ ప్లాన్‌గా పేరుపడ్డ 399 రూపాయలది పన్నుతో కలిపి 471 రూపాయలవుతుంది. పిల్లల చదువుకో, ఇంటి నుంచి పనికో ఫైబర్ ఎలాగూ ఉంది, దాని మీద టీవీ ఉట్టి పుణ్యానికే వచ్చినట్టు కదా అని ఈ పక్షం జవాబిస్తుంది. ఆ జవాబు సరైనదే, కాకపోతే అలాంటి ఇళ్లకే. ఫోన్ డేటాతో సరిపెట్టుకుంటున్న ఇంటికి టీవీ కోసమే ఫైబర్ తీసుకుంటే 471 మొత్తం టీవీ ఖర్చుగానే రాసుకోవాలి. స్ట్రీమింగ్ చౌక అనే లెక్కలన్నీ ఈ ఒక్క చోట, చెప్పకుండానే, ఇంటర్నెట్ ఖర్చును మినహాయించేస్తాయి.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ఈ తేడాను ప్రభుత్వం వైపు నుంచి పూడ్చాలని చేసిన ప్రయత్నం. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభమైనప్పుడు నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, 250 చానళ్లు, ఫోన్ ఇస్తామన్నారు. తీగను కరెంటు స్తంభాల మీదుగా లాగి ఖర్చు తగ్గించారు. ఇంటి గుమ్మం దాకా చేర్చే బాధ్యతను స్థానిక కేబుల్ ఆపరేటర్లకే ఇచ్చారు. నిర్వహణపై, లెక్కలపై తర్వాతి రాజకీయ వివాదాలు వేరే కథ. ఈ చర్చకు పనికొచ్చే పాఠం ఒకటుంది. టీవీ, ఇంటర్నెట్ ఒకే తీగలో వస్తే కేబుల్‌ను తీసేశామో మార్చుకున్నామో చెప్పడం కష్టం.

క్రికెట్ దగ్గర తలకిందులయ్యే లెక్క

చాలా ఇళ్లలో నిర్ణయం సీరియల్ మీద కాక మ్యాచ్ మీద ఆధారపడుతుంది. ఇక్కడ చట్టం విచిత్రమైన స్థితిని సృష్టించింది. జాతీయ ప్రాధాన్యమున్న క్రీడల ప్రసారాన్ని ప్రైవేటు హక్కుదారులు ప్రసార భారతితో పంచుకోవాలని 2007 చట్టం చెబుతుంది. ఆ సంకేతాన్ని దూరదర్శన్ తన భూతల ప్రసారంలోనూ సొంత డీటీహెచ్‌లోనూ వాడుకోవచ్చు. కేబుల్‌లో, ప్రైవేటు డీటీహెచ్‌లో తప్పనిసరిగా ఇచ్చే దూరదర్శన్ చానల్ ద్వారా అది పోకూడదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఫలితంగా టీమిండియా వన్డేను నెలకు మూడు వందలు కట్టే కేబుల్ ఇంట్లో స్పోర్ట్స్ చానల్ ప్యాక్ లేకపోతే చూడలేం, ఒక్క రూపాయి కట్టని ఫ్రీ డిష్ ఇంట్లో చూడొచ్చు. గాలి తరంగాలు ప్రజలవన్న 1995 తీర్పుకు ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు, అదీ ఫ్రీ డిష్ ఉన్నవారికే. హక్కులు కోట్లు పెట్టి కొన్నవాడి వాదన కూడా కాదనలేనిది. అందరికీ ఉచితంగా చేరితే ఆ ధర ఎవరూ పెట్టరు.

ఐపీఎల్ ఈ జాతీయ ప్రాధాన్య క్రీడల జాబితాలో లేదు. 2023 నుంచి ఐదేళ్ల హక్కుల వేలంలో టీవీ హక్కులు 23,575 కోట్లకు పోతే, డిజిటల్ హక్కులు 23,758 కోట్లు పలికి మొదటిసారి టీవీని దాటాయి. 2023లో జియోసినిమా ఐపీఎల్‌ను ఉచితంగా చూపింది. ఆ ఏడాది కేబుల్ మానేయాలన్న సలహాకు అంతకంటే పెద్ద ప్రచారం లేదు. 2025 ఫిబ్రవరిలో హాట్‌స్టార్‌తో కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాక ఉచితం స్థానంలో చందాలు, టెలికాం ప్యాక్‌లు వచ్చాయి. అలవాటు చేసేదాకా ఉచితం, అలవాటు పడ్డాక ధర.

కేబుల్ పక్షం

కేబుల్‌ను సమర్థించేవారిని గతాన్ని పట్టుకు వేలాడేవారిగా చూడటం పరిపాటి. వారి వాదనలో బరువున్న అంశాలు మూడున్నాయి. మొదటిది స్థానికం. పట్టణాల్లో సిటీ కేబుల్ చానల్ చూపించే మున్సిపల్ వార్తలు, వినాయక నిమజ్జనం, జాతర, కల్యాణం ప్రత్యక్ష ప్రసారాలకు ఏ జాతీయ యాప్‌లోనూ చోటు లేదు. యూట్యూబ్ చానళ్లు ఆ పని కొంత చేస్తున్నాయి, చేయగలవు కూడా. రెండోది వాడకం. ఒక రిమోట్, ఒక నంబరు, బొమ్మ పోతే ఫోన్ చేస్తే సాయంత్రానికి వచ్చే మనిషి. పాస్‌వర్డులు, ప్రొఫైళ్లు, అప్‌డేట్‌లు లేని ఈ సౌలభ్యం విలువ డెబ్బై దాటినవారున్న ఇంట్లో తెలుస్తుంది. మూడోది ఉపాధి. 2018 నుంచి ఈ రంగంలో 5.77 లక్షల ఉద్యోగాలు పోయాయని పైన చెప్పిన సమాఖ్య అధ్యయనమే అంచనా వేసింది. అంచనా వేసినవారు ఈ వ్యవహారంలో ఒక పక్షం కాబట్టి అంకెను కాస్త తగ్గించి చదివినా, దిశ మీద సందేహం లేదు.

నియంత్రణలో అసమానత మీద వారి ఫిర్యాదు మరింత బలమైనది. ప్రైవేటు డీటీహెచ్ సంస్థ రాబడిలో 8 శాతం లైసెన్సు రుసుము కడుతుంది, ఫ్రీ డిష్ కట్టదు, యాప్ కట్టదు. కేబుల్ చానళ్ల ధరకు ట్రాయ్ పరిమితులున్నాయి, అదే చానల్ యాప్‌లో ఏ ధరకైనా, ఉచితంగానైనా ఇవ్వొచ్చు. ఫ్రీ డిష్‌లో ఉచితంగా ఇచ్చే చానల్‌ను ఇతర వేదికల్లోనూ ఉచిత చానల్‌గానే ప్రకటించాలని ట్రాయ్ 2024 జులైలో చెప్పడం ఈ ఫిర్యాదుకు స్పందనే. న్యాయంగా కనిపించే ఈ నిబంధన తెలుగు ప్రేక్షకుడికి ఎదురుతిరుగుతుంది. ఫ్రీ డిష్‌లో అడుగుపెడితే కేబుల్ చందా కూడా వదులుకోవాలంటే, ఏ తెలుగు వినోద చానలూ ఇక అటు చూడదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఖర్చు మాత్రమే కొలమానమైతే ఫ్రీ డిష్‌కు పోటీ లేదు, తెలుగు వినోదం కొలమానమైతే అది చివర నిలుస్తుంది. కేబుల్ నెలకు మూడు నాలుగు వందలకు నాలుగు ప్రధాన చానళ్లనూ ఒకేచోట ఇస్తుంది. కోరినప్పుడు చూసే వీలు మాత్రం ఇవ్వదు. స్ట్రీమింగ్ ఆ వీలుతో పాటు తాజా సినిమాలిస్తుంది, కానీ ఫైబర్ ముందే ఉన్న ఇంటికే చౌక. టీమిండియా మ్యాచ్‌ల వరకూ ఫ్రీ డిష్ ముందుంటుంది, ఐపీఎల్‌కు మిగిలిన రెండే దిక్కు. అందువల్ల ఫైబర్ ఉండి, వార్తలూ సినిమాలూ ప్రధానమైన ఇల్లు కేబుల్ మానేయడం తెలివైన పని. దానికి ఫ్రీ డిష్ జోడిస్తే భారత జట్టు మ్యాచ్‌లూ వచ్చి చేరతాయి. ఫైబర్ లేక సీరియళ్లు ప్రధానమైన ఇంటికి కేబుల్ ఇంకా చౌక బేరమే. మధ్యలో ఉన్న ఇళ్లు ఒక్క యాప్‌తో సరిపెట్టుకుని మిగతా మూడు చానళ్లను వదులుకోగలమా అని లెక్క వేసుకోవాలి.

విదేశాల్లో తెలుగువారి ముందు ఈ తికమక లేదు. అమెరికాలో ఒకప్పుడు తెలుగు చానళ్ల కోసం డిష్ నెట్‌వర్క్ ప్యాకేజీ కొన్నవారు యప్ టీవీ, స్లింగ్ లాంటి స్ట్రీమింగ్ సేవలకు మారారు. అక్కడ యాంటెనాకు స్థానిక ఇంగ్లిష్ చానళ్లు ఉచితం, తెలుగుకు చందా తప్పదు. మాతృభాషలో ఉచిత టీవీ దాదాపు లేకపోవడంలో డల్లాస్ తెలుగింటికీ గుంటూరు తెలుగింటికీ ఉన్న తేడా అనుకున్నంత పెద్దది కాదు.

ఇంకా తేలనివి

ఫ్రీ డిష్ ఇళ్లు నిజంగా ఎన్ని అన్నదే మొదటి ప్రశ్న. చందా లేదు, సంకేతానికి తాళం లేదు, ఎవరు ఏ బాక్స్‌తో చూస్తున్నారో నమోదయ్యే ఏర్పాటు లేదు. ప్రచారంలో ఉన్న అంకెలన్నీ సర్వేల అంచనాలే. తాళం వేసి నమోదు చేస్తే లెక్క తేలుతుందని ఒక వాదన, నమోదు మొదలైతే రుసుము ఎంతో దూరంలో ఉండదని దానికి ప్రతివాదన. టీవీలోనే ఉపగ్రహ ట్యూనర్ ఉంటే బాక్స్ అవసరం తప్పుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ అందుకు ప్రమాణం రూపొందించింది, దాన్ని తయారీదారులకు తప్పనిసరి చేయాలా వద్దా అన్నది వేరే తగవు. ఇంటర్నెట్ లేకుండా నేరుగా మొబైల్‌కే ప్రసారాలు పంపే ప్రయోగాలు సాగుతున్నాయి. అవి ఫలిస్తే డిష్ కూడా పాతబడొచ్చు. ప్రసార సేవలన్నిటినీ ఒకే చట్టం కిందికి తేవాలని 2023 నవంబరులో కేంద్రం ముసాయిదా బిల్లు పెట్టింది. యాప్‌ల మీద పెత్తనం వస్తుందన్న వ్యతిరేకత వల్ల అది ముందుకు సాగలేదు.

తెలుగువారికి వీటన్నిటికన్నా దగ్గరి ప్రశ్న స్లాట్ల పంపకం. వేలం ద్వారానే చోటివ్వాలనుకున్నంత కాలం ఎక్కువ ప్రకటనలొచ్చే హిందీదే పైచేయి. ప్రసార భారతి ప్రతి ప్రధాన భాషకూ కొన్ని స్లాట్లు తక్కువ ధరకు కేటాయించి, వాటికి 2024 నిబంధన నుంచి మినహాయింపు ఇస్తే, పాత సీరియళ్లతో, పాత సినిమాలతో ఒక తెలుగు రెండో శ్రేణి చానల్ అక్కడ నిలదొక్కుకోవడం అసాధ్యం కాదు. దీనికి రెండు అభ్యంతరాలున్నాయి. ఒకటి, ప్రసార భారతి రాబడి తగ్గుతుంది. ప్రజాసేవ పేరుతో లైసెన్సు రుసుము మినహాయింపు పొందుతున్న సంస్థ ఈ అభ్యంతరం చెప్పడం అంత నప్పదు. రెండోది గట్టిది. తెలుగు ప్రేక్షకుడు అప్పటికే ఆ పాత సినిమాలను యూట్యూబ్‌లో ఉచితంగా చూస్తున్నాడు, స్లాట్ ఇచ్చినా తీసుకునేందుకు చానల్ రాకపోవచ్చు. ఫైబర్ వెళ్లని ఊళ్లలో ఎన్ని ఇళ్లు ఇంకా మిగిలాయన్నదాని మీదే ఈ ప్రశ్నకు జవాబు ఆధారపడుతుంది, ఆ సంఖ్య ఏటేటా తగ్గుతోంది.